సరిపోయినంత మాత్రాన

"సరిపోతుందండీ. అదీ ఇదీ ఒకటే. బోల్టులు కూడా అక్కడే ఉంటాయి."

కార్ల విడిభాగాలమ్మే దుకాణంలో, కౌంటరు వెనకున్న అబ్బాయి ఆల్టర్నేటరుని రెండు చేతుల్తో ఎత్తి నా ముందు పెట్టి అన్న మాట ఇది. అంతకు ముందు అతను అడిగిన మొదటి ప్రశ్న "మీవారు రాలేదా?" అని. రెండోది "ఏ కారుకి?" అని. కారుకి కాదు, పడవకి అన్నాను. 1974 నాటి ఇంజను, షెవర్లే ఆరు సిలిండర్లది, 250 క్యూబిక్ అంగుళాలది అన్నాను. అతను నా మొహం వంక కాక, నా గోళ్లలో ఇరుక్కున్న గ్రీజు వంక చూశాడు. ఆ తర్వాత గొంతు మారింది. అంటే, గ్రీజు నాకు కొంచెం గౌరవం తెచ్చిపెట్టిందన్నమాట.

"సరిపోతుంది" అనే మాట వింటూ పెరిగినదాన్ని నేను. మా నాన్నకి విజయవాడ ఆటోనగర్లో లారీల షెడ్డు ఉండేది. కంపెనీ సామాను దొరకనప్పుడు, దొరికినా లారీ ఓనరు కొనలేనప్పుడు, వేరే బండిది తెచ్చి, లేతు మీద పెట్టి, అరవ తీసి, వాషరు వేసి బిగించేవాడు. ఆ పనికి ఆయన పెట్టుకున్న పేరు సర్దుబాటు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్లి నేను కాసేపు అక్కడే కూర్చునేదాన్ని. "పన్నెండు పదమూడు పానా అందుకో అమ్మాయ్" అనేవాడు. చూపుతోనే ఏది ఎంత పానాయో చెప్పగలిగేదాన్ని. కానీ ఒక్క నట్టు కూడా నా చేత విప్పించలేదు. అన్నయ్య విప్పేవాడు. నేను అందించేదాన్ని. ఇంట్లో కూడా అంతే కదా, ఎక్కడేముందో మనకి తెలియాలి, తాళం మాత్రం మన చేతికి రాదు.

ఇంగ్లీషు సాహిత్యం చదువుకుని, 1990లో పెళ్లితో పాటు మిషిగన్ వచ్చి, పిల్లల్ని పెంచి, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటున్న నాకు యాభై మూడేళ్ల వయసులో పానా పట్టే అవకాశం పక్కింటావిడ వల్ల వచ్చింది. ఆవిడ స్కూలు బస్సు నడిపి రిటైరైంది. డెబ్భై దాటాయి. భర్త పోయి ఆరేళ్లు. ఆవిడ గ్యారేజీలో ట్రెయిలరు మీద, టార్పాలిన్ కింద పద్ధెనిమిది అడుగుల ఫైబరు పడవ. ఏళ్ల తరబడి తిప్పకుండా వదిలేసిన ఇంజను పట్టేసింది. పిస్టను రింగులు తుప్పుతో సిలిండరు గోడలకి అతుక్కుపోయాయి. బాగుచేయడానికి అడిగిన కూలి పడవ ఖరీదుని మించిపోయింది. "అమ్మెయ్యమంటున్నారు మా అబ్బాయిలు. నాకేమో ఇంకొక్కసారి సెయింట్ క్లెయిర్ సరస్సు మీదకి వెళ్లాలనుంది" అంది. నేనేమన్నానో నాకే ఆశ్చర్యం. "మా నాన్న మెకానిక్కు. మనమే విప్పుదాం" అన్నాను.

2016 చలికాలమంతా ఆ గ్యారేజీలోనే గడిచింది. మావారు మొదట నవ్వారు, తర్వాత రాత్రి వంట తను చెయ్యాల్సి వచ్చేసరికి నవ్వడం మానేశారు.

ఈ పాత పడవ ఇంజన్ల సంగతి కొంచెం చెప్పాలి. ఇవి చాలామటుకు పడవ కోసం పుట్టినవి కావు. మాది జనరల్ మోటార్స్ తన కార్లకీ, పికప్ ట్రక్కులకీ పోతపోసిన ఇంజనే. దాన్ని మెర్‌క్రూజర్ వాళ్లు తీసుకుని, నీటికి తగ్గ పంపులూ, పొగ గొట్టాలూ, కార్బురేటరూ తగిలించి పడవలో కూర్చోబెట్టారు. దిమ్మ ఒకటే, క్రాంకు షాఫ్టు ఒకటే. కాబట్టి కారు సామాను వాడొచ్చా అన్న ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది? పడవ సామాను ధరేమో చూస్తే కళ్లు తిరుగుతాయి.

లోపలి భాగాల వరకూ పేచీ లేదు. సిలిండర్లు బోరింగు చేయించాం, ముప్ఫై థౌ ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు, గ్రైండింగు చేసిన క్రాంకుకి తగ్గ బేరింగులు, వాల్వులు... అన్నీ కార్ల దుకాణంలోనే కొన్నాం. పడవ ఇంజను మీద బరువు ఎక్కువ. కారు కాసేపు ఎక్కుతుంది, కాసేపు దిగుతుంది. పడవకి దిగుడు లేదు, ఎప్పుడూ ఎత్తు ఎక్కుతున్నట్టే. అందుకని నాణ్యమైనవి కొన్నాం, అంతే. దిమ్మ పక్కనున్న బిళ్లలు మాత్రం కార్లకి వేసే ఇనుపవి కాక ఇత్తడివి వేశాం. సరస్సు నీరు నేరుగా ఇంజనులోంచి పోతుంది కనక ఇనుపవి త్వరగా తుప్పు తింటాయి. నీళ్ల పంపూ, హెడ్ గ్యాస్కెట్టూ కూడా ఆ కారణంగానే పడవవి. ఇదంతా మన్నికకి సంబంధించిన లెక్క. తప్పు చేస్తే డబ్బు పోతుంది, ఒక వేసవి పోతుంది.

ఆ తర్వాత పైభాగాలు మిగిలాయి. డైనమో అని నాన్న పిలిచే ఆల్టర్నేటరు, సెల్ఫు మోటారు, డిస్ట్రిబ్యూటరు, కార్బురేటరు, పెట్రోలు పంపు. అప్పుడే నేను ఆ దుకాణానికి వెళ్లింది. కారు ఆల్టర్నేటరు ధర పడవదానిలో సగం కూడా లేదు. ఇంటికి తెచ్చి పెట్టి చూశాను. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. బోల్టులు అక్కడే ఉన్నాయి. బెల్టు చక్కగా కూర్చుంది. సర్దుబాటు కూడా అక్కర్లేదు, అచ్చంగా సరిపోయింది.

పక్కింటావిడే వద్దంది. ఎందుకో తనకి సరిగ్గా తెలియదు. "మా ఆయన ఎప్పుడూ అది మాత్రం పడవదే కొనేవాడు" అంది. అంతటితో ఊరుకోలేక చదవడం మొదలుపెట్టాను.

పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. కిందికి దిగుతుంది. కారులో ఇంజను కింద అంతా ఖాళీ. కారిన చుక్క రోడ్డు మీద పడుతుంది, ఆవిరిని గాలి తీసుకుపోతుంది. పడవలో ఇంజను కింద ఉన్నది తొట్టి. నీళ్లు లోపలికి రాకుండా కట్టిన తొట్టి, ఆవిరిని బయటికి పోనివ్వదు. పైన మూత. ఆ గదిలో గాలికి వందకి ఒకటిన్నర పాళ్లు పెట్రోలు ఆవిరి చేరితే చాలు, నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆల్టర్నేటరు లోపల బ్రష్షులు రాసుకుంటూ రవ్వలు రాలుస్తూనే ఉంటాయి. సెల్ఫు మోటారూ అంతే, డిస్ట్రిబ్యూటరూ అంతే. కారులోనూ రాలుతాయి. అక్కడ వాటిని పట్టించుకునే పని లేదు.

పడవ ఆల్టర్నేటరులో కూడా రవ్వ ఉంటుంది. రవ్వ లేకుండా పెట్రోలు ఇంజను నడవదు. తేడా ఏమిటంటే, లోపలికి ఆవిరి దూరి అంటుకున్నా ఆ మంట బయటి ఆవిరిని చేరకుండా దాని సందుల్నీ, జల్లెడల్నీ కట్టారు. అలా పరీక్షకి నిలిచినవాటికి ఎస్‌ఏఈ జె1171 అనే ప్రమాణం ఉంది. కార్బురేటరు పొంగితే కారుదైతే బయటికి కారుతుంది, పడవదైతే పొంగింది తన గొంతులోకే తిరిగి పోతుంది. దాని మీద గాలి జల్లెడకి బదులు మంటని ఆపే జల్లెడ ఉండాలి. అమెరికాలో 1940 ఏప్రిల్ 25 తర్వాత పడవలో బిగించిన ప్రతి పెట్రోలు ఇంజనుకీ, బయట వేలాడే మోటార్లకి తప్ప, మంటనాపే ఏర్పాటు తప్పనిసరి.

నాకు బాగా నచ్చింది పెట్రోలు పంపు. కారు పంపులో ఒకటే తెర. చిరిగితే పెట్రోలు చిన్న రంధ్రంలోంచి కిందికి కారిపోతుంది. పడవ పంపులో రెండు తెరలు. మొదటిది చిరిగితే రెండోది ఆపుతుంది. ఆ మధ్యన చేరిన పెట్రోలు ఒక పారదర్శకమైన సన్న గొట్టంలోకి వచ్చి కనిపిస్తుంది. ఖాళీగా ఉండాల్సిన గొట్టంలో రంగు కనిపించిందంటే, లోపల ఏదో చిరిగిందని అర్థం. బయటివాళ్లకి ఇంకా ఏమీ జరగలేదు, కానీ చిరిగిన సంగతి దాగలేదు.

నాన్నకి ఫోన్ చేశాను. అప్పటికి ఆయనకి ఎనభై ఒకటి. షెడ్డు అన్నయ్య కొడుక్కి అప్పజెప్పి ఇంట్లో ఉంటున్నాడు. పిస్టన్ల మాట, బేరింగుల మాట వారం వారం చెబుతూనే ఉన్నాను. ఫోను పక్కన నోట్సు పుస్తకం పెట్టుకుని కూర్చునేదాన్ని. పెళ్లికి ముందు కూడా మేం ఇంతగా మాట్లాడుకోలేదు.

"కారు డైనమో పెడితే ఏంటమ్మా? మన కాకినాడ, విశాఖ మరపడవల్లో లేలాండు ఇంజన్లు ఉండేవి కదా, లారీ ఇంజనూ అదీ ఒక జాతే. ఎన్ని సార్లు మన షెడ్డు నించి సామాను పంపించాం!" అన్నాడు. వెంటనే ఆగి, "నీది డీజిలా, పెట్రోలా?" అని అడిగాడు.

"పెట్రోలు నాన్నా."

కొంచెంసేపు మాట లేదు. తొట్టి సంగతి, మూత సంగతి చెప్పాను. "డీజిలు అంత తేలిగ్గా అంటుకోదు. పెట్రోలు గడ్డకట్టే చలిలో కూడా ఆవిరి వదుల్తానే ఉంటది. మూసిన గదిలో పెట్రోలా... వద్దమ్మా. అక్కడ సర్దుబాటు చెయ్యకు" అన్నాడు.

మా నాన్న నోట సర్దుబాటు వద్దన్న మాట నేను వినడం అదే మొదలు. ఆ మాట విన్నాక నా నోటి నుంచి నేననుకోని ప్రశ్న వచ్చింది. "మరి కిరసనాయిలో నాన్నా?"

"కిరసనాయిలు కూడా డీజిలు లాంటిదే. వేడెక్కితే గానీ..." అంటూ ఆగిపోయాడు. నేనేమడుగుతున్నానో ఆయనకి అర్థమైంది. "పొద్దుపోయింది, పడుకుంటా" అని ఫోన్ పెట్టేశాడు.

1982 జనవరి. ధనుర్మాసం, తెల్లవారుజాము చలి. మా పెదనాన్నగారి పెద్దమ్మాయి, మాకందరికీ అక్కయ్య, అత్తవారింట్లో స్టవ్వు పేలి చనిపోయిందని కబురొచ్చింది. పెళ్లయి మూడేళ్లు. అంతకు ముందు దసరాకి వచ్చినప్పుడు తిరిగి వెళ్లనని ఏడ్చింది. పెద్దవాళ్లంతా కూర్చోబెట్టి చెప్పారు. ఏం చెప్పారో మీకు నేను చెప్పక్కర్లేదు. సర్దుకుపో అన్నారు. మా అమ్మా అంది. పద్ధెనిమిదేళ్లదాన్ని, నేనూ పక్కన కూర్చుని, అక్కయ్య జడ అల్లుతూ, "ఏదో ఒకలా సర్దుకుపో అక్కయ్యా" అన్నాను. ఆ జడ బరువు ఇప్పటికీ నా చేతుల్లో ఉంది.

స్టవ్వు ఎలా పేలుతుందని అప్పుడు అడిగాను. అమ్మ నోరు నొక్కింది. తర్వాత నేను అడగడం మానేశాను. 1986లో స్త్రీ శక్తి సంఘటన వాళ్ల 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చింది. తెలంగాణ పోరాటంలో ఉన్న స్త్రీలని కూర్చోబెట్టి, వాళ్ల మాట వాళ్ల నోటనే రాయించిన ఆ పుస్తకం చదివి ఎం.ఏ. క్లాసులో ఎంత మాట్లాడానో! ఎవరూ అడగని ప్రశ్నలు అడగడమే మన పని అన్నాను. మా ఇంట్లో అడగాల్సిన ఒక్క ప్రశ్న మాత్రం ముప్ఫై నాలుగేళ్లు నా దగ్గరే ఉండిపోయింది. పడవ ఇంజను కోసం ఏ ద్రవం ఎంత వేడికి ఆవిరవుతుందో చదివితే గానీ అది బయటికి రాలేదు. అది కూడా ఒక రకం తొట్టే. నీళ్లు రాకుండా కట్టుకున్నాం, లోపల ఏం చేరుతోందో చూసుకోలేదు.

రెండు రోజుల తర్వాత నాన్నే ఫోన్ చేశాడు. ఆయన తనంతట తానుగా అమెరికాకి ఫోన్ చేయడం అరుదు.

"ఆ రోజు అన్నయ్యా నేనూ వెళ్లాం కదా. ఆ వంటింట్లోకి నేను వెళ్లానమ్మా. స్టవ్వు గట్టు కింద ఉంది. ఎత్తి చూశాను. పంపు స్టవ్వు కాదు, వత్తుల స్టవ్వు. ట్యాంకు నిండుగా ఉంది. మూత బిగించే ఉంది. ఒక్క సొట్ట లేదు."

నాన్న కళ్లు యాభై ఏళ్లు ఇంజన్లని చూసిన కళ్లు. పేలినదేదో, పేలనిదేదో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"మరి ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"అన్నయ్య వద్దన్నాడు. పోయినది ఎలాగూ పోయింది, ఇంట్లో ఇంకా ఇద్దరు పెళ్లి కావాల్సిన పిల్లలున్నారు, పోలీసు కేసంటే వాళ్లనెవరు చేసుకుంటారు, సర్దుకుపోదాం అన్నాడు." కాసేపాగి అన్నాడు, "ఆ ఇద్దరిలో నువ్వొకదానివి తల్లీ."

నాకు కోపం వచ్చిందో, ఏడుపొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. నా పెళ్లి, నా ప్రయాణం, ఈ ఇల్లు, ఈ దేశంలో నేను స్త్రీల గురించి చెప్పే పాఠాలు... అన్నిటి అడుగున ఆ సొట్ట లేని స్టవ్వు ఉంది. నాన్నని నిందించి చేతులు దులుపుకుందామంటే, జడ అల్లుతూ నేనన్న మాట అడ్డొస్తుంది. ఆయన చూసి చెప్పలేదు. నేను చూడకుండానే చెప్పాను.

చట్టంలో 498ఎ సెక్షను వచ్చింది 1983లో. పెళ్లయిన ఏడేళ్ల లోపు అసహజంగా పోయిన అమ్మాయిల విషయంలో, కట్నం కోసం వేధించిన సంగతి ఉంటే భర్తనీ అత్తవారినీ జవాబుదారీ చేసిన 304బి వచ్చింది 1986లో. 2024 జులై నుంచి అవే భారతీయ న్యాయ సంహితలో 85, 80 సెక్షన్లు. అక్కయ్య కాలానికి అవేవీ లేవు. అవి పెట్రోలు పంపుకి పక్కన పెట్టిన ఆ సన్న గొట్టం లాంటివని అనిపిస్తుంది నాకు. అవి తెరని చిరగనివ్వకుండా చెయ్యవు. చిరిగితే కనిపించేటట్టు చేస్తాయి, అదీ చూసేవాళ్లుంటే. మా ఇంట్లో చూసినవాడున్నాడు, అయినా గొట్టం లేదు.

సర్దుబాటుని నేను తేలిక చెయ్యను. దాని మీదే మా ఇంట్లో అన్నం ఉడికింది. కంపెనీ సామాను కొనలేని లారీ డ్రైవర్లు నాన్న సర్దుబాటు మీదే పిల్లల్ని చదివించుకున్నారు. పరాయి దేశంలో నేను బతికిందీ దాంతోనే. చింతపండు లేకపోతే నిమ్మకాయ పిండుకున్నాం. పిస్టన్లు కారువి వేశాం, బాగానే ఉన్నాయి. కానీ "సరిపోతుందా?" అని అడిగి బోల్టులు చూసి ఊరుకోవడం సగం పనే. దాన్ని ఎక్కడ పెడుతున్నాం? అక్కడ గాలి ఉందా? ఈ మిగతా సగం ఎవరూ అడగరు. కారులో పదేళ్లు హాయిగా తిరిగే ఆల్టర్నేటరు పడవలో ఒక ఉదయం చాలు. అది చెడ్డదని కాదు. అక్కయ్యతో ఇమడమని చెప్పినవాళ్లంతా ఆమె ఇమడగలదా లేదా అనే చూశారు. ఆమెని పంపుతున్న గదికి తలుపుందా, కిటికీ ఉందా, అరిస్తే వినిపించేంత దూరంలో ఎవరైనా ఉన్నారా అని ఒక్కరూ చూడలేదు.

కారు ఆల్టర్నేటరుని తిరిగి ఇచ్చేశాను. "సరిపోలేదా?" అన్నాడు ఆ అబ్బాయి. "సరిపోయింది" అన్నాను. అతనికి అర్థం కాలేదు. కూర్చుని వివరంగా చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. ఇంకో ఆవిడ వస్తే ఏం చెబుతాడో మరి.

2017 మే నెలాఖరున పడవని నీళ్లలోకి దింపాం. ఇంజను తిప్పే ముందు ఆవిరిని బయటికి తోసే ఫ్యాను నాలుగు నిమిషాలు నడపాలి, మూతెత్తి వాసన చూడాలి. 1980 జులై తర్వాత తయారైన పెట్రోలు ఇంజను పడవల్లో ఆ ఫ్యాను తప్పనిసరి. మాది అంతకు ముందుది. అయినా ఆవిడ భర్త ఎప్పుడో బిగించుకున్నాడు. పెళ్లయిన నలభై ఏళ్లూ పడవలో తన పని ఆ నాలుగు నిమిషాలు లెక్కపెట్టడమేనని చెప్పింది పక్కింటావిడ. తాళం ఎప్పుడూ ఆయనే తిప్పేవాడట.

ఆ రోజు గడియారం నేను చూశాను. మూతెత్తి వంగి వాసన కూడా నేనే చూశాను. గ్యాసు పొయ్యి వెలిగించే ముందు మనందరం చేసే పనే. ఏమీ లేదు, ఇంజనాయిలు వాసన, కొత్త రంగు వాసన. గొట్టం ఖాళీగా ఉంది. సరేనన్నాను. తాళం ఆవిడ తిప్పింది.

నాన్నకి ఫోన్ కలిపి, ఇంజను దగ్గరగా పట్టుకున్నాను. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా విన్నాడు. "టైమింగు కొంచెం ముందుకుంది. రెండు డిగ్రీలు వెనక్కి తిప్పు" అన్నాడు.

లైటు పెట్టి చూశాను. నిజంగానే ముందుకుంది. పానా తీసుకుని నేనే తిప్పాను. నాన్న 2019లో పోయాడు. ఆ నోట్సు పుస్తకంలో పిస్టన్ల కొలతల తర్వాతి పేజీలో, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి ఉంచాను. పంపు స్టవ్వు కాదు, వత్తుల స్టవ్వు. ట్యాంకు నిండుగా ఉంది.